నంబర్లు పంచే రెండో పెట్టె

నవంబరు 2, శనివారం

అనితకి ఉద్యోగం వచ్చింది. మొన్నా ఇదే రాశాను, నిన్నా ఇదే రాశాను, రేపు కూడా రాస్తానేమో. నా డైరీ, నా ఇష్టం. నా కూతురికి ఉద్యోగం వచ్చింది!

విశాఖపట్నం కంపెనీ. ఆస్పత్రుల కాగితాలు చదివి కంప్యూటర్లోకి ఎక్కించే పని. అక్కడికి పోనక్కర్లేదు. మా ఇంట్లోనే, ముందు గదిలో కిటికీ పక్కన కూర్చుని చేసుకోవచ్చు. మధ్యాహ్నం పన్నెండుకి మొదలు, రాత్రి తొమ్మిదికి ఆఖరు. అంటే తెల్లారకుండా వాళ్లమ్మను బండి మీద పలాస తీసుకెళ్లి, డయాలసిస్ అయ్యాక వెనక్కి తెచ్చి, ఇంత అన్నం తినిపించి, అప్పుడు పనిలో కూర్చోవచ్చు. నాకు బండి రాదు. నాతో ఆటోలో వెళ్లిన రోజున ఆ రోడ్డు కుదుపులకి నూకమ్మ ఇంటికొచ్చేసరికి సగం మనిషి అయిపోతుంది. డాక్టరు చెప్పేది నాకు సగం అర్థం కాదు. ఇద్దరి సగాలూ కలిపితే ఏమొస్తుంది? గంగమ్మ తల్లి మా ముగ్గురినీ ఒక్కసారే చల్లగా చూసింది.

నెల రోజులు పరీక్ష పెట్టారు. షైని మేడం అని అనిత పైఆవిడ. అక్కడ ఆవిడ కంప్యూటర్లో అనిత పేరు పక్కన ఆకుపచ్చ చుక్క ఉంటుందట. ఇక్కడ ఇంటర్‌నెట్ పోతే అది ఎర్రబడుతుందట. ఊరికే ఎర్రబడుతూ ఉంటే ఇంటి దగ్గర పని కుదరదు, విశాఖపట్నం వచ్చి హాస్టల్లో ఉండి చెయ్యాలి. ఎందుకు ఎర్రబడుతుంది? కొత్త తీగ, కొత్త వైఫై పెట్టె.

ఆ తీగ సంగతి రాయాలి. రోడ్డు మీద స్తంభం దాకానే వచ్చింది. పలాస నుంచి వచ్చిన కేబుల్ గోవింద్ మా ఇంటి వైపు చూసి, "ఇంత దూరం నా వల్ల కాదు, మరోరోజు మనుషుల్ని తెస్తాను" అన్నాడు. మనుషులా! మా పేటలో మనుషులకి కరువా! ఒక్క కేక వేశాను. చేతిలో పని చేతిలో పడేసి వచ్చారు. పెద్దవల తాడు లాగినట్టు హైలెస్సా అంటూ తోటలోంచి లాగుతుంటే గోవింద్ వెనకాల పరిగెత్తుతూ, "మెల్లిగా, మెల్లిగా, లోపల గాజు ఉంది" అని ఏడుపు ఒక్కటే తక్కువ.

మొదలు పట్టింది ఢిల్లీరావు బావ. నూకమ్మకి అన్న. మా ఇంటికీ బావ ఇంటికీ మధ్య వెదురు దడి ఒక్కటే. ఒడ్డున తాడు పట్టిన మనిషిని వాటా లేకుండా పంపడం మా దగ్గర లేదు, దారిన పోయేవాడు పట్టినా సరే. మిగతా అందరికీ నూకమ్మ జీడిపప్పు పాకం పంచింది. మొదలు పట్టిన బావకి పాకం ముక్క ఏం వాటా? మా పెట్టెలోంచి ఒక తీగ దడి మీంచి బావ ఇంటికి వేయించాను. గోవింద్ మొహం చిట్లించాడు. చిట్లించనీ. బావ దగ్గర పలాసలో కొన్న పాత పెట్టె ఒకటి ఉంది, దానికి తగిలించుకున్నాడు. అక్కడా వైఫై వచ్చింది. కొడుకు ప్రకాష్ గుజరాత్‌లో బోటు మీద పని చేస్తున్నాడు. మా పేటలో ఫోనులో మాట వినిపిస్తుంది గానీ బొమ్మ రాదు. ఇక వస్తుంది.

బావ కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకూ తిరిగాయి. మంచి రోజు.

నవంబరు 4, సోమవారం

మొదటి రోజు. పన్నెండుకి కూర్చుంది, తొమ్మిదికి లేచింది. చుక్క ఆకుపచ్చ. నేను గది బయటే కూర్చుని వల బాగు చేసుకున్నాను. పని ఏమీ సాగలేదు, కూతుర్నే చూస్తున్నాను. "నానా, అలగ సూడకు, నవ్వొత్తంది" అంది.

నవంబరు 5, మంగళవారం

పలాస నుంచి పదకొండుకల్లా వచ్చేశారు. అంతా బాగుంది అనుకుంటే పన్నెండుకి లాప్‌టాప్ తెరిచింది, వైఫై ఉంది, ఇంటర్‌నెట్ లేదు! వైఫై ఉండి ఇంటర్‌నెట్ లేకపోవడం ఏమిటి? కుండ ఉంది, నీళ్లు లేవు అంటే అర్థం చేసుకుంటాను. గీతలు నిండుగా వెలుగుతున్నాయి కదా! తీసి పెట్టింది, తీసి పెట్టింది, ఒంటిగంటకి వచ్చింది.

ఈ రోజు బావకి కానాగంత చేపలు బాగా పడ్డాయి. వేటనుంచి రాగానే మాకు పంపించాడు.

నవంబరు 6, బుధవారం

మళ్లీ.

నవంబరు 7, గురువారం

కరెంటు పోయి వచ్చింది. వచ్చాక అనితకి ఇంటర్‌నెట్ రాలేదు. నా పాత ఫోనులో వస్తోంది! కూర్చుని పనిచేసే పిల్లకి రాదు, వల కుట్టుకునే ముసలాడికి వస్తుంది. ఆ పెట్టెకి బుద్ధి ఉందా?

గోవింద్‌కి ఫోను చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఎత్తి, "పెట్టె మీద లైట్లు ఏ రంగులో ఉన్నాయి?" అన్నాడు. పచ్చగా ఉన్నాయన్నాను. "మరి బాగానే ఉంది" అని పెట్టేశాడు. బాగుంటే నీకెందుకు చేస్తాను నాయనా!

నవంబరు 9, శనివారం

గోవింద్ వచ్చాడు. పెట్టె చూశాడు, తీగ చూశాడు, టీ తాగాడు, మళ్లీ పెట్టె చూశాడు. పదకొండు గంటలకి అంతా చక్కగా ఉంది. వెళ్లిపోయాడు. పన్నెండుకి పోయింది. వాడి బండి ఇంకా పలాస చేరి ఉండదు.

రాత్రి పని అయ్యాక అనిత నన్ను కూర్చోబెట్టి చెప్పింది. ఈ పెట్టె పని ఇంటర్‌నెట్ తేవడం ఒక్కటే కాదట. ఇంట్లో ఉన్న ప్రతి ఫోనుకీ లాప్‌టాప్‌కీ ఒక నంబరు ఇస్తుందట, ఇంటి నంబరు లాగ. ఆ నంబరుతో పాటు "బయటికి పోవాలంటే నా గుమ్మంలోంచి పోవాలి" అని దారి కూడా చెప్తుందట. ఒక ఇంట్లో నంబర్లు పంచేది ఒక్క పెట్టే ఉండాలి. ఇక్కడ రెండు ఉన్నాయట.

"రెండెక్కడివి?" అన్నాను.

"మావయ్య పెట్టె కూడా పంచుతంది నానా. తీగ మనదానికే కదా తగిలించుంది. ఆ పెట్టె ఇచ్చే నంబరు మన లాప్‌టాప్‌కి వచ్చెత్తంది. ఎవులు ముందు పలికితే ఆలదే తీసుకుంటాది. మావయ్య పెట్టె ఇచ్చిన దారి ఎటూ పోదు, ఆ పెట్టె దగ్గరే ఆగిపోతాది. సూడు, మన పెట్టె ఇచ్చే నంబర్లో సివరదానికి ముందు ఒకటి ఉంటాది, మావయ్యదాన్లో సున్నా. నాకు ఆగిపోయిన ప్రతిసారీ సున్నాయే."

బావ వేట నుంచి వచ్చి పెట్టె వేసుకునేది పన్నెండుకే. అందువల్లే అంటుంది. కరెంటు పోయి వచ్చినప్పుడు బావ చిన్న పెట్టె ముందు లేస్తుందట, మా పెద్ద పెట్టె తర్వాత లేస్తుందట.

నేను ఒప్పుకోలేదు. పిల్లలకి కంప్యూటర్ వచ్చాక ప్రతిదానికీ కారణం దొరికిపోతుంది. బావ పెట్టె బావ ఇంట్లో ఉంది. దడికి అటు ఉన్న పెట్టె ఇటు నంబరు ఎలా ఇస్తుంది? అయినా ఇచ్చిన వాటా గురించి బావని ఏమని అడగడం? కరెంటువాళ్లదే తప్పు.

నవంబరు 11, సోమవారం

కరెంటు పోలేదు. ఇంటర్‌నెట్ పోయింది. ఉప్పుగాలికి పెట్టె లోపల ఏదో తుప్పు పట్టి ఉంటుంది.

నవంబరు 12, మంగళవారం

పెట్టె కిటికీ దగ్గర నుంచి అలమారా మీదికి మార్చాను. లాభం లేదు. అలమారా మీద నుంచి దేవుడి గూటి పక్కకి మార్చాను. నూకమ్మ తిట్టింది. లాభం లేదు.

బావ కూడా దడి మీద నుంచి అడిగాడు, "బావా, మీకు సరిగ్గా వత్తందా? నాకు ఒకసారి వత్తాది, ఒకసారి రాదు. తీసి పెడితే వత్తాది" అని. మాకు బ్రహ్మాండంగా వస్తోందన్నాను. ఎందుకలా అన్నానో.

నవంబరు 13, బుధవారం

షైని మేడం ఫోను చేసింది. తిట్టలేదు, అది మరీ కష్టంగా ఉంది. "అనితా, మీ పని చాలా బాగుంది. చుక్కే బాగోలేదు. ఇంకో వారం ఇలాగే ఉంటే నేను ఆఫీసు సీటు బుక్ చెయ్యాల్సి వస్తుంది" అంది. అనిత సరే మేడం అంది. ఫోను పెట్టి కాసేపు కిటికీలోంచి బయటికి చూసింది. ఏడవలేదు. ఏడిస్తే నేను ఓదార్చేవాణ్ని.

"నానా, మావయ్యతో నన్ను మాటాడమంటావా?" అంది. వద్దు, నేను మాట్లాడతానన్నాను. ఇది పెద్దవాళ్ల మధ్య మాట.

నవంబరు 14, గురువారం

బావతో మాట్లాడాను. గాలి గురించి మాట్లాడాం. తుఫాను వస్తుందా రాదా అని మాట్లాడాం. డీజిల్ గురించి. కంచిలిలో బావ తోడల్లుడి పొలం గురించి. బావ తన పెట్టె చూపించాడు. పైన పూసల గుడ్డ కప్పాడు. పక్కన ప్రకాష్ ఫోటో.

"బోటు ఇంజను దగ్గర ఆడి సెయ్యి నలిగిందంట బావా. ఫోన్లో అడిగితే బాగుందనే అంటాడు. ఆడు బాగుందనే అంటాడు, పుట్టినకాడ్నించీ అంతే. నాకు ఆ సెయ్యి సూడాల. బోటు ఒడ్డుకి రాగానే బొమ్మలో సూపిత్తానన్నాడు. నువ్వు ఈ తీగ ఇయ్యకపోతే నేనేటి సేసీవోణ్ని" అన్నాడు.

మజ్జిగ తాగి వచ్చేశాను. మాట్లాడావా అంది అనిత. మాట్లాడానన్నాను.

నవంబరు 15, శుక్రవారం

పన్నెండుకి ముందు పెట్టె మీద దుమ్ము తుడిచాను. తుడిచేటప్పుడు తీగ ఒకటి అడ్డం వచ్చింది, ఊడదీశాను. తొమ్మిది దాటాక మళ్లీ తగిలించాను.

ఈ రోజు ఒక్కసారి కూడా ఎర్రబడలేదు! గంగమ్మ తల్లీ! ఒక్కసారి కూడా!

నవంబరు 16, శనివారం

దుమ్ము తుడిచాను. ఆకుపచ్చ.

నవంబరు 18, సోమవారం

తుడిచాను. ఆకుపచ్చ. అనిత, "మావయ్యతో ఏటి సెప్పావు నానా, ఏటి సేసావు?" అని సంతోషంగా అడిగింది. చెప్పేది చెప్పానన్నాను. నా భుజం మీద చెయ్యి వేసింది. ఎంతో ఆనందంగా ఉంది. రాత్రి అన్నం సరిగ్గా సహించలేదు, పులుసులో ఉప్పు ఎక్కువైంది. నూకమ్మ సరిగ్గానే ఉందంటుంది.

నవంబరు 20, బుధవారం

ఉప్పుగాలి ఊళ్లో దుమ్ము రోజూ పడుతుంది. రోజూ తుడవాలి. ఇందులో తప్పేముంది?

షైని మేడం బాగుందని మెసేజ్ పెట్టింది. సీటు బుక్ చెయ్యలేదట. నాకు పేట అంతా తిరిగి చెప్పాలని ఉంది. బావ ఇంటి వైపు నుంచి కాకుండా ఇటువైపు నుంచి తిరిగి చెప్పి వచ్చాను.

నవంబరు 22, శుక్రవారం

పెట్టె చచ్చిపోయిందని బావ పలాస వెళ్లాడట, దడి అవతల నుంచి బావ భార్య జగదాంబక్క చెప్పింది. "పగలంతా రాదు, రాత్రి పడుకున్నాక వత్తాది. దెయ్యం పట్టినట్టుంది పెట్టెకి" అంది. నేను విన్నాను. విని లోపలికి వచ్చేశాను.

నవంబరు 23, శనివారం

రాయాలని లేదు. రాయకపోతే నిద్ర పట్టదు.

పన్నెండుకి ముందు గుడ్డ పట్టుకుని పెట్టె దగ్గరికి వెళ్లి తీగ ఊడదీశాను. చేతిలో తీగ, చేతిలో గుడ్డ. తలెత్తేసరికి గుమ్మంలో బావ. చంకలో కొత్త పెట్టె, అట్టపెట్టెతో సహా.

"నిన్న సాయంత్రం తెచ్చి పెడితే కొత్తది కూడా పలకలేదు బావా. తీగ ఇటేపు ఊడిందేమో సూద్దామని వచ్చాను" అన్నాడు. అని, నా చేతి వైపు చూశాడు. "ఏటిది?"

"దుమ్ము. దుమ్ము తుడుస్తున్నాను."

నూకమ్మ లోపల మంచం మీద నుంచి అంది, "దుమ్మేటి అన్నియ్యా. వారం బట్టి రోజూ పీకుతున్నాడు. పన్నెండుకి పీకడం, తొమ్మిదికి తగిలించడం. నాకు కళ్లు లేవనుకున్నాడు." ఆవిడకి తెలుసు! తెలిసి ఇన్నాళ్లూ ఒక్క మాట అనలేదు! ఏ ఇంట్లో బతుకుతున్నాను నేను!

బావ కొత్త పెట్టెని మెల్లిగా నేల మీద పెట్టాడు.

"మొన్న ప్రకాష్ బోటు ఒడ్డుకొచ్చింది బావా. మజ్జానం అంతా సేసాడంట బొమ్మ ఫోను. నాకు రాలేదు. నిన్న మళ్లీ ఏటకి పోయాడు. సెయ్యి సూడనేదు నేను."

నేను గబగబా చెప్పుకుపోయాను. నంబర్లు అన్నాను, సున్నా అన్నాను, గుమ్మం అన్నాను, అనిత ఉద్యోగం అన్నాను, నూకమ్మ పలాస అన్నాను. బావ అంతా విన్నాడు.

"నీ కూతురు ఉద్యోగం నాకు పట్టదేటి? నూకాలు నాకు సెల్లి కాదేటి? వొచ్చి సెప్పాలి. ఒడ్డున వాటా తగ్గించాలంటే పదిమందిలో సెప్తాం బావా. ఎనక నుంచొచ్చి బుట్టలోంచి ఎవుడూ తియ్యడు."

కొత్త పెట్టె తీసుకుని వెళ్లిపోయాడు. వెళ్తూ దడి మీద తన తీగ తానే చుట్టి, మా వైపు విసిరేశాడు.

అనిత కుర్చీలోంచి లేచి నా వైపు చూసింది. అప్పుడే పన్నెండు అయింది. మళ్లీ కూర్చుంది. తొమ్మిది దాకా నాతో మాట్లాడలేదు. చుక్క ఆకుపచ్చగానే ఉంది. పాడు చుక్క.

నవంబరు 24, ఆదివారం

తీగ మళ్లీ ఇస్తామని అనిత వెళ్లింది. బావ వద్దన్నాడట. కాఫీ ఇచ్చి, తల నిమిరి, వద్దని పంపించాడట.

నూకమ్మ అంది, "నా కోసం సేసానని మాత్రం అనకు. నా పేరు సెప్పి మా అన్న కొడుకు మొహం కనపడకుండా సేత్తే ఆ డయాలసిస్ నాకెందుకు?"

ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లు, ఇద్దరూ నాతో మాట్లాడరు. ఇంటర్‌నెట్ మటుకు అద్భుతంగా ఉంది.

నవంబరు 25, సోమవారం

పొద్దుటే ఒడ్డుకి వెళ్లాను. పెద్దవల లాగి చేపలు కుప్ప పోశారు. వాటాలు వేసే వేళ. పేట అంతా అక్కడే ఉంది, బావ కూడా. నా వైపు చూడలేదు.

నేను కుప్ప పక్కన నిలబడి గట్టిగా చెప్పాను. ఢిల్లీరావు బావకి ఇచ్చిన ఇంటర్‌నెట్ వాటా నేను చెప్పకుండా తీశాను, తప్పు నాది, పదిమందిలో చెప్తున్నాను అన్నాను. తర్వాత గంపల ముసలమ్మ ఒకావిడ నన్ను పేరు పెట్టి, "ఆ తీగ లాగినదాన్లో నా సెయ్యీ ఉంది సన్యాసీ, పాకం ముక్క పెట్టి తోలేసావు, నా వాటా ఏదీ?" అంది. అందరూ నవ్వారు. బావ నవ్వలేదు.

"మళ్లీ ఇస్తాను. పగలూ ఇస్తాను, రాత్రీ ఇస్తాను" అన్నాను. "ఒక్క మాట అడుగుతాను. ఈ కుప్ప పంచేవాడు ఒకడా, ఇద్దరా?"

"ఒకడే" అన్నారు.

"ఇద్దరు పంచితే?"

"కొట్టుకు సస్తాం" అన్నారు.

"మా రెండిళ్ల మధ్య ఇద్దరు పంచుతున్నారు. నా పెట్టె ఒకటి, బావ పెట్టె ఒకటి. అందుకే నా కూతురికీ రాదు, బావకీ సరిగ్గా రాదు. బావ పెట్టె పంచడం మానాలి. తీగ ఉంటుంది, పెట్టె ఉంటుంది, పంచడం ఒక్కటే మానాలి. అలా చెయ్యడం అనితకి వచ్చు. బావ ఒప్పుకుంటేనే."

బావ ఇసక వైపు చూస్తూ అన్నాడు, "సెయ్యి పెడితే ప్రకాష్ బొమ్మ రాకుండా పోతాదేమో."

"వస్తుంది" అన్నాను.

"నీ మాట నమ్మను. మా అనిత గుంట సెప్తే నమ్ముతాను."

అని తన వాటా బుట్టలో వేసుకుని వెళ్లిపోయాడు. నన్ను ఇంత మందిలో ఇంత మాట అన్నాడు! అన్నా కూడా, ఒప్పుకున్నట్టే కదా? కదా?

నవంబరు 26, మంగళవారం

పలాస నుంచి రాగానే అనిత దడి దాటి వెళ్లింది. నేను దడికి ఇవతలే నిలబడ్డాను, రమ్మని ఎవరూ అనలేదు.

కొత్త పెట్టె లోపలికి వెళ్లడానికి పాస్‌వర్డ్ కావాలట. పలాస కొట్టువాడు ఏదో పెట్టాడు, ఏం పెట్టాడో బావకి తెలియదు. వెనకాల చిన్న కన్నం ఉంది, దాంట్లో ఏదైనా సన్నది గుచ్చి కాసేపు నొక్కితే పెట్టె మొదటికి వస్తుందట. జగదాంబక్క గాజుకి ఉన్న పిన్నీసు తీసి ఇచ్చింది. అనిత గుచ్చేసరికి లైట్లన్నీ ఆరిపోయాయి.

"సచ్చిపోనాది!" అని బావ అరిచాడు.

"సావలేదు మావయ్యా, నిద్ర లేత్తంది. ఊరుకో."

లేచింది. అనిత లోపలికి వెళ్లి నంబర్లు పంచడం ఆపేసింది. ఆ పెట్టెకే మా పెట్టె వరసలో ఒక నంబరు ఇచ్చింది, ఇంకెవరికీ రానిది. తీగ మళ్లీ తగిలించింది. బావ ఫోను చూస్తే సున్నా లేదు, ఒకటి ఉంది. అక్క ఫోనుకీ ఒకటే. బావ పదిసార్లు పెట్టె ఆపి వేశాడు. పదిసార్లూ వచ్చింది. ఎనిమిదిసార్ల తర్వాత అనిత, "సాలు మావయ్యా" అంది, ఇంకో రెండుసార్లు వేశాడు.

తర్వాత ఇంటికొచ్చి మా పెట్టెలో తన లాప్‌టాప్‌కి ఒక నంబరు రాసిపెట్టింది. ఎప్పుడు తెరిచినా అదే వస్తుంది, మరెవరికీ పోదు. "ఇదేటి, నీకు ప్రత్యేకమా?" అన్నాను. "పనిలో ఉన్నదానికి ముందు తీసి పక్కన పెట్టాల కదా నానా" అంది. నాతో మాట్లాడింది! నాతో!

పన్నెండుకి బావ పెట్టె వెలుగుతోంది. అనిత చుక్క ఆకుపచ్చ. నేను పెట్టె దగ్గరికి వెళ్లబోతే నూకమ్మ, "గుడ్డ అక్కడ పెట్టు" అంది.

నవంబరు 28, గురువారం

కరెంటు పోయి వచ్చింది. ఆకుపచ్చ.

బావ ఇంకా నాతో మాట్లాడటం లేదు.

నవంబరు 30, శనివారం

కరెంటు రెండుసార్లు పోయింది. రెండుసార్లూ ఆకుపచ్చ. గోవింద్ ఫోను చేసి, "ఇప్పుడెలా ఉంది? నేను చూసి వెళ్లాక బాగుందా?" అన్నాడు. వీడికి ఏం చెప్పాలి?

డిసెంబరు 2, సోమవారం

మధ్యాహ్నం దడి అవతల నుంచి కేక. ప్రకాష్ బోటు ఒడ్డుకొచ్చింది. బావ ఫోను పట్టుకుని అరుస్తున్నాడు, "ఇటు తిప్పు, ఎలుతురు కాడికి తిప్పు! ముడుసు, ఏళ్లు ముడుసు!" ఒక వేలు పూర్తిగా ముడుచుకోవడం లేదట. అక్క ఏడుస్తోంది, ప్రకాష్ బాగుందంటున్నాడు, బావ వాడిని తిడుతున్నాడు. వచ్చే బండికి బయలుదేరి రమ్మన్నాడు, ఇక్కడ చూపిద్దామన్నాడు. మాటలో అయితే నమ్మి ఊరుకునేవాడు.

అదే సమయంలో కిటికీ దగ్గర అనిత పని చేసుకుంటోంది. వాళ్ల బొమ్మ ఆగలేదు, ఈ చుక్క ఎర్రబడలేదు. నేను రెండిళ్ల మధ్య ఎటు సంతోషించాలో తెలియక నిలబడ్డాను.

డిసెంబరు 4, బుధవారం

వచ్చింది! వచ్చింది, వచ్చింది, వచ్చింది!

మధ్యాహ్నం అనిత గదిలోంచి తల బయటపెట్టి మెల్లిగా చెప్పింది. షైని మేడం మెయిల్ పెట్టింది. ఉద్యోగం ఖాయం. ఇంటి నుంచే. విశాఖపట్నం పోనక్కర్లేదు. నేను కేక వేయబోతే నోరు మూసేసింది. "నానా, మీటింగులో ఉన్నాను, మైకు ఉంది. తొమ్మిది దాకా అరవకు. నీ మీద ఒట్టు."

అరవలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను. ఎటు పరిగెడుతున్నానో చూసుకోలేదు. ఆగి చూసేసరికి బావ గుమ్మం. అప్పుడు గుర్తొచ్చింది, మాకు మాటల్లేవు. గుమ్మంలో నిలబడిపోయాను. రొప్పుతున్నాను.

బావ లోపల పీట మీద కూర్చుని అక్కతో అన్నాడు, "జగదాంబా, గుమ్మంలో ఎవుడో నిలబడ్డాడు. గాలాడట్లేదు. లోపలికైనా రమ్మను, బయటికైనా పొమ్మను."

లోపలికి వెళ్లాను. "బావా, అనితకి..." అన్నాను.

"ఖాయమైపోనాది. ఇంటికాడే. తెలుసు."

"ఎలా తెలుసు?"

ఫోను చూపించాడు. అనిత మెసేజ్. నాకు చెప్పక ముందే పెట్టింది. 'మావయ్యా, నువ్వు ఒప్పుకోబట్టే ఉద్యోగం ఖాయమైంది, ఇంటి దగ్గరే. నానకి ఇంకా చెప్పలేదు, అరుస్తాడు' అని ఉంది. చదివి మళ్లీ చదివాను. కన్నతండ్రిని నేను! గోడకి అటు ఉన్నాను! నాకంటే ముందు మేనమామకి!

"మరి అరిసావా?" అన్నాడు బావ.

"లేదు."

"అయితే కూకో. టీ తాగు. నూకాలికి సెప్పావా?"

చెప్పలేదు! నూకమ్మకి చెప్పడమే మర్చిపోయాను! టీ వదిలేసి వెనక్కి పరిగెత్తాను. నూకమ్మ మంచం మీద కూర్చుని ఉంది. ఆవిడకీ తెలుసు. అన్న ఫోను చేసి చెప్పాడట. ఈ పేటలో ఆఖరున తెలిసింది నాకే.

ముగ్గురికీ తెలుసు, ముగ్గురూ నెమ్మదిగా ఉన్నారు. నాకు ఒక్కడికే కాలు నిలవడం లేదు. ఒడ్డుకి వెళ్తే అరుస్తాను, ఇంట్లో ఉంటే అరుస్తాను. అందుకే తలుపు వేసుకుని ఈ డైరీ తీశాను. అనితకి ఉద్యోగం ఖాయమైంది. అనితకి ఉద్యోగం ఖాయమైంది. అనితకి ఉద్యోగం ఖాయమైంది.

నాలుగు గంటలు కూడా కాలేదు. తొమ్మిదికి ఇంకా చాలా పొద్దుంది.